లేపినోడి రంగు

రేపు పొద్దున ఈ కర్నూలు ఆస్పత్రిలో నా గుండెను కాసేపు ఆపుతారంట. ఆపి, లోపల చెడిపోయిన వాల్వు తీసేసి, కొత్తది కుట్టి, మళ్ళా నడిపిస్తారంట. డాక్టరు ఈ మాట ఎట్ల చెప్పినాడంటే, చేను కాడ మోటరు బందు చేసి ఫ్యూజు మార్చి మళ్ళా ఏస్తాం అన్నట్ల చెప్పినాడు. "కాసేపంటే ఎంతసేపు సార్?" అని అడిగినా. "పని అయ్యేంతవరకు" అన్నాడు. ఆ కాసేపు నేను యాడ ఉంటానో అడగాలని నోటిదాకా వచ్చింది. పక్కన నా భార్య ఉండె, ఆమె ముందర ఎందుకులే అని మింగేసినా.

భయమేస్తాంది. చెప్పుకోనీకి సిగ్గేముంది? ఆళ్ళగడ్డలో ఇన్నేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పినా, పరీక్షంటే వణికే పిల్లోళ్ళకు భయపడొద్దురా అని వేలసార్లు చెప్పినా. ఈ మంచం మీద పండుకున్నాక తెలిసింది, అదెంత పనికిమాలిన మాటో. పొద్దున పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి పోయినారు. బంధువులు వచ్చి బత్తాయిలు పెట్టి, "ఏం కాదులే" అని చెప్పి పోయినారు. ఏం కాదులే అన్నోళ్ళందరి గుండెలూ సక్కగా కొట్టుకుంటాండాయి, వాళ్ళకేం.

ఆ మాట అననోడు ఒకడుండె. ఆయనుంటే మంచం పక్కన కూచోని, "అవును సార్, భయమే. నాకైతే నీకన్నా ఎక్కువేస్తాంది" అనేటోడు. మధ్యాన్నం నుంచి ఆయన మీదికే మనసు పోతాంది.

నంద్యాలలో పాత ఇనుము, పగిలిన ప్లాస్టిక్కు, పనికిరాని మిషన్లు తూకానికి కొనే గుజిరీ అంగడి ఆయనది. అందరికీ భాయ్. చెవిలో అత్తరు దూది, గళ్ళ లుంగీ, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు. ఆయనంత భయస్తున్ని నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు. బల్లి కనపడితే తూకం రాయి వదిలేసి రోడ్డు మీదికి వస్తాండె. ఉరిమితే కరెంటు మెయిన్ తీసేసి చీకట్లో కూచుంటాండె. రోడ్డు దాటాల్నంటే అవతలికి పోయే ఆడమనిషి ఎవరన్నా దొరుకుతారేమో అని చూసి ఆమె ఎనకాలే దాటుతాండె. మసీదుకు పోయే దారిలో కుక్కలు పండుకోనుంటాయని చేతిలో కట్టె పట్టుకుంటాండె.

"పండుకున్న కుక్కకు భయమేంది భాయ్?" అని నవ్వితే, "పండుకున్నదాన్ని చూస్తేనే భయం సార్. లేసినాక ఎట్లుంటాదో తెల్దు కదా" అంటాండె.

అంగడి ఎనకాల రేకుల రూములో ఆయన దగ్గర మూడు కంప్యూటర్లుండె. మూడూ గుజిరీలో తూకానికి వచ్చినవే. ఒకదాని పొట్ట, ఇంకోదాని మూతి, వేరే దాని తోక తెచ్చి అతికిచ్చి బతికిచ్చినాడు. వాటి మీద మేము ముగ్గురం యుద్ధం ఆట ఆడుతాంటిమి. ఒక స్క్రీను మీద అన్ని రంగులూ కొంచెం గులాబీ కొడుతా కనపడుతాండె, అది నా పాలికి వచ్చింది. ఆదివారం చర్చి అయినాక నేను ఆళ్ళగడ్డలో బస్సెక్కి నంద్యాలకు పోతాంటి. ఆ బస్సు కండక్టరే మాలో మూడోవాడు. డ్యూటీ లేని ఆదివారం ఆయనా నా పక్కన కూచోనే వస్తాండె. మొదట బస్సులో మాటల్లోనే ఈ ఆట సంగతి చెప్పి ఆయనే నన్ను భాయ్ దగ్గరికి ఈడ్చకపోయినాడు. నెరిసిన తలకాయలు మూడు రేకుల కింద చెమటలు కారుస్తా యుద్ధాలు చేస్తాంటే భాభీ, అంటే భాయ్ ఇల్లాలు, చాయ్ పెట్టి పోతా "అల్లా, వీళ్ళకు బుద్ధెప్పుడొస్తాదో" అని తల కొట్టుకుంటాండె.

ఆట తెలీనోళ్ళకు రెండు ముక్కల్లో చెప్తా. మేము ముగ్గురం ఒక పక్క, కంప్యూటరు నడిపే సైన్యం ఇంకో పక్క. చదరంగం లెక్క నీ వంతు నా వంతు అనేది ఉండదు, అందరూ ఒకేసారి కదుల్తాంటారు. గనుల్లో ఇనుము తవ్వాల, ఫ్యాక్టరీలు కట్టాల, టాంకులు చేసి పంపాల. టాంకు పడిపోతే మాయం కాదు. నల్లగా మాడిపోయి, పొగ కక్కుతా పడినకాడే ఉంటాది. ఆ పీనుగును రెండు రకాలుగా వాడుకోవచ్చు. కరగబెట్టి ఇనుము తీసుకోవచ్చు, లేదంటే లేపే బండిని పంపి బతికిచ్చుకోవచ్చు. లేపే బండికి తుపాకి ఉండదు. ఎండ్రకాయ మాదిరి నిదానంగా పోయి పీనుగు పక్కన నిలబడి వెలుగు పోస్తాంటాది. పీనుగు మీద చిన్న పట్టీ నిండుతా వస్తాది. పట్టీ నిండితే టాంకు లేస్తాది. ఈలోపల ఇంకో బాంబు పడిందా, పీనుగు పొడి పొడి అయిపోతాది. ఇంగ దాన్ని ఎవరూ లేపలేరు.

మొదట్లో భాయ్ లేపే రకం కాదు. బయట పడే భయమంతా ఈడ తీర్చుకుంటాండాడా అన్నట్ల, ముందూ ఎనకా చూడకుండా టాంకులన్నీ తోలుకొని శత్రువు మీద పడుతాండె. పీనుగు కనపడితే చాలు, మనదా పరాయిదా అని చూడకుండా కరగబెడుతాండె. ఒకసారి నా పెద్ద టాంకు, ఎన్నో యుద్ధాలు గెలిచి నెత్తిన చుక్కలు సంపాదించింది, పడిపోయి ఇంకా పొగ వస్తానే ఉంది. నేను లేపే బండిని పంపేలోపల భాయ్ దాన్ని కరగబెట్టేసినాడు.

"భాయ్! అది నాది! లేపుకుంటాంటి కదా!"

"లేపే టైములో కొత్తది చేసుకోవచ్చు సార్. ఇనుము ఇనుమే."

"గుజిరోని బుద్ధి యాడికి పోతాది" అని కండక్టరు పడి పడి నవ్వినాడు. భాయ్ కూడా నవ్వినాడు.

తర్వాత ఒక ఎండాకాలం, అంగట్లో ట్రాక్టరు ఇంజను తూకం ఏపిస్తా ఏపిస్తా భాయ్ పడిపోయినాడు. గుండెపోటు. ఆటోలో ఏసుకొని పోతే ఆస్పత్రి గడప దాటంగానే గుండె ఆగిపోయిందంట. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఎవరో రొమ్ము మీద కరెంటు పెట్టి, ఎగిరెగిరి పడేట్ల చేసి, లేపిందంట. ఈ సంగతి భాభీ చెప్పిందే కానీ భాయ్ అప్పట్లో చెప్పలే. మేము అడగలే.

కోలుకున్నాక మళ్ళా ఆటకు కూచున్నాడు. సగం మనిషయినాడు. చావు తప్పి కన్ను లొట్ట పోయిందంటారే, అట్ల. ఆ పొద్దు ఆయన ఒక్క టాంకు చేయలే. ఫ్యాక్టరీ నుంచి ఒకటే ఒక లేపే బండి బయటికొచ్చింది. అది నిదానంగా యుద్ధం జరుగుతాండే కాడికి బయల్దేరింది. నాకూ కండక్టరుకూ అర్థం కాలే. "భాయ్, టాంకులు పంపు, చస్తాండాం ఈడ!" అని అరుస్తాండాం. ఆయన బండిని తిప్పలే.

అప్పటి నుంచి భాయ్ పని అదే. ఆయన ఆ పని చేస్తాంటే చూడాల. పీనుగు దగ్గరికి పోయి వెంటనే వెలుగు పోయడు. దాని చుట్టూ ఒక చుట్టు తిరుగుతాడు. ఆటలో ఆ చుట్టుకు అర్థం లేదు, దండగ. "ఏందీ భాయ్, ప్రదక్షిణమా?" అని కండక్టరు ఎగతాళి చేస్తే, "ఎవురో ఏందో చూసుకోవాల కదా" అన్నాడు. చుట్టూ బాంబులు పడుతాంటాయి. భాయ్ కుడి చెయ్యి వణుకుతాంటే మౌసు టేబులు మీద టకటకా కొట్టుకుంటాది. ఎడమ చేత్తో కుడి చేతిని అదిమి పట్టుకుంటాడు. పెదాలు కదుల్తాంటాయి. బాంబు దగ్గరగా పడితే కండ్లు మూసుకుంటాడు. చెయ్యి మాత్రం తీయడు.

"భాయ్, వదిలేసి రా! నువ్వు కూడా పోతావ్!"

"వస్తా సార్, వస్తా. ఈన్ని లేపి వస్తా."

పట్టీ నిండేదాకా కదిలేవాడు కాదు. ఎన్నోసార్లు లేపే బండీ పీనుగూ రెండూ ఒకే బాంబుకు పోయినాయి. అప్పుడు కుర్చీలో ఎనక్కి వాలి, చొక్కా కాలరుతో ముఖం తుడుచుకొని, ఇంకో లేపే బండి చేసుకొని మళ్ళా అదే దారిన బయల్దేరుతాండె. నాకు అది చూస్తే నవ్వు రాకుండా అయిపోయింది.

ఇంకో సంగతుంది. ఆ ఆటలో లేపిన టాంకు ఎవరు లేపితే వాళ్ళ రంగులో లేస్తాది. నాది నీలం, కండక్టరుది ఎరుపు, భాయ్‌ది పచ్చ. నా నీలం టాంకును భాయ్ లేపితే అది పచ్చగా లేస్తాది. లేసినప్పుడు దానికి అరవీసం ప్రాణం ఉంటాది, నెత్తిన చుక్కలన్నీ పోయుంటాయి. ఒక్క నొక్కు నొక్కితే తిరిగి నాకు ఇచ్చేయొచ్చు. భాయ్ వెంటనే ఇచ్చేవాడు కాదు. "ఎవురు లేపినారు సార్?" అని అడుగుతాండె. "నువ్వే భాయ్" అని గట్టిగా చెప్తేనే ఇస్తాండె. శత్రువు టాంకును లేపినా సరే, స్క్రీను మీదికి వంగి "నిన్ను లేపింది నేనప్పా" అని దానితో చెప్తాండె.

"ఇంత పేరు పిచ్చేంది భాయ్ నీకు?" అన్నాడొకసారి కండక్టరు.

భాయ్ నవ్వలే. "పేరుకు కాదు కండక్టరూ. లేసినోనికి తెలిసుండాల" అన్నాడు.

ఆ మాట నాకు ఆళ్ళగడ్డలో అర్థమయింది. క్రిస్మస్ పండక్కి భాయ్‌ని ఇంటికి పిలిచింటి. మధ్యాన్నం తిన్నాక అట్ల నడిచొద్దాం రా అని బయటికి తీసకపోయినా. మా ఇంటికి దగ్గర్లోనే శిల్పులు రాయి చెక్కే షెడ్లుంటాయి. రోడ్డు పక్కన సగం చెక్కిన దేవుళ్ళు వరసగా నిలబడుంటారు. ముఖమంతా అయినా కండ్లు మాత్రం చెక్కకుండా ఉంచుతారు, అది ఆఖరి పని. రోజూ చూసేదే కాబట్టి నాకేమనిపించదు. భాయ్ మాత్రం నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎనక్కి పోదాం సార్. కండ్లు లేకుండా చూస్తాండారు."

నవ్వుదామనుకున్నా. ఆయన ముఖం చూసినాక నవ్వు రాలే. షెడ్డు ముందర టీ బంకు కాడ బల్ల మీద కూచోబెట్టినా. అప్పుడు అడిగేసినా, ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న మాట.

"భాయ్, ఆ పొద్దు ఆస్పత్రిలో... పోయేటప్పుడు భయమేసిందా?"

టీ గ్లాసు అటూ ఇటూ తిప్పినాడు.

"పోయేటప్పుడు ఏం లేదు సార్. తెలిస్తే కదా. లేసినాక ఏసింది. ఇప్పటికీ ఏస్తానే ఉండాది."

"లేసినాక భయమేంది? బతికుంటే బలుసాకు తినొచ్చంటారు."

"నన్ను లేపినామె ఎవురో తెల్దు సార్. కండ్లు తెరిచేసరికి డ్యూటీ మారిపోయి ఎల్లిపోయింది. వారం పోయినాక బనగానపల్లె మామిడిపండ్లు బుట్టెడు ఎత్తుకొని పోయినా. అందర్నీ అడిగినా. ఆ పొద్దు ఎవురుండిరో, ఎవురో ట్రైనింగు అమ్మాయి ఏమో, ఊరికి పోయిందేమో అన్నారు. ముఖం తెల్దు, పేరు తెల్దు, ఏ ఊరో తెల్దు. పండ్లు తిరిగి ఇంటికి తెచ్చినా. మీరే తింటిరి కదా, గుర్తులేదా?"

గుర్తుంది. ఆ ఆదివారం పండ్లు బో తియ్యగా ఉండాయని పోటీలు పడి తిన్నాం.

"ఈ ప్రాణం నాది కాదు సార్. నాది ఆడ గడప కాడ పోయింది. ఇది ఆమె ఇచ్చింది. ఎవురిదో తెలీకుండా ఎవురి రంగులోనో తిరుగుతాండా. ఆమె కోసం దువా చేద్దామంటే పేరు లేదు. అల్లాకు తెల్సు, సరే. నాకు తెలియొద్దా?"

టీ చల్లారిపోయింది. ఎనకాల షెడ్డులో ఉలి చప్పుడు ఆగకుండా వస్తాండె. పోయేటప్పుడు భాయ్ ఆ రాళ్ళ వైపు చూడకుండా, నా భుజం ఎనకాల దాక్కొని నడిచినాడు.

మా ఆటకు ఒక కట్టుబాటుండె. సాయంత్రం అసర్ నమాజుకు అజాన్ వినపడిందంటే ఎవరు గెలుస్తాండారు ఎవరు ఓడుతాండారు అని లేదు, ఆట యాడుంటే ఆడ ఆపి దాచేయాల. మిగిలింది పై ఆదివారం. పోయిన ఎండాకాలం ఒక ఆదివారం అట్లనే ఆపినాం. శత్రువు గుమ్మం కాడ నా టాంకు పడిపోయి పొగ కక్కుతాంది. భాయ్ పచ్చ బండి దాని దగ్గరికి వస్తాంది. ఇంగ కొంచెం దూరముంది. అజాన్ అయింది. భాయ్ మౌసు వదిలి, "ఏం కాదు, పై వారం లేపుతా" అన్నాడు. ఆయన నోట ఏం కాదు అనే మాట నేను విన్నది అదొక్కసారే.

పై వారం రాలే. బుధవారం మధ్యాన్నం అంగట్లోనే పడిపోయినాడు. ఈసారి ఎవరూ లేపలేకపోయినారు. కబురు తెలిసి నేనూ కండక్టరూ పోయినాం. గోరీ కాడ అందరితో పాటు పిడికెడు పిడికెడు మన్ను ఏసినాం. మన్ను ఏస్తాంటే నా చెయ్యి వణికింది, ఎడమ చేత్తో పట్టుకున్నా. ఏడ్చినా. కండక్టరు నాకన్నా ఎక్కువ ఏడ్చినాడు.

ఆ ఆట మళ్ళా తెరవలే. ఒకసారి అంగడికి పోయి రూము తలుపు దాకా పోయినాం. కండక్టరు నా ముఖం చూసినాడు, నేను ఆయన ముఖం చూసినా. తెరిస్తే ఆ పచ్చ బండి అట్లనే నిలబడుంటాది. ఎవరూ నడపకుండా నిలబడుంటాది. తిరిగొచ్చేసినాం.

తర్వాత నాకు ఈ ఆయాసం మొదలయింది. బడి మెట్లెక్కితే గోడ పట్టుకోవాల్సొచ్చె. వాల్వు అన్నారు, ఆపరేషన్ అన్నారు, గుండెను ఆపాల అన్నారు. అప్పటి నుంచి కండ్లు మూసుకుంటే చాలు, గులాబీ రంగు స్క్రీను మీద పొగ కక్కుతా పడున్న నా టాంకే కనపడుతాంది. దాని దగ్గరికి ఎవరూ రావడం లేదు.

ఈ పొద్దు మధ్యాన్నం భాభీ ఫోన్ చేసింది. కండక్టరు చెప్పినట్లున్నాడు.

"సార్, రేపంట కదా."

"అవును భాభీ."

"భయపడుతాండావా?"

"చానా."

"ఏస్తాదిలే, ఎందుకెయ్యదు? ఇను. ఆ కంప్యూటర్లు జాగా తింటాండాయి, తూకానికి ఏసేయక్కా అని మా తమ్ముడు రోజూ ఒకటే పోరు. నేను ఒప్పుకోలే. సార్ ఆట సగంలో ఉండాది, సార్ వచ్చి ముగిచ్చుకున్నాక చూద్దాంలే అని చెప్పినా. నువ్వొచ్చి ముగిచ్చుకో. అంతదాకా ఒక్క వైరు కూడా కదలనీయను."

సరే భాభీ అనేలోపల ఆమే "ఇంగ పెట్టేస్తాండా, గమ్మున పండుకో" అని పెట్టేసింది. కరగబెట్టొద్దని భాయ్ ఆమెకు ఎప్పుడు నేర్పినాడో నాకు తెల్దు.

సాయంత్రం నర్సమ్మ వచ్చి రేపు పొద్దున స్నానం చేసి ఏసుకోవాల్సిన గౌను దిండు పక్కన పెట్టింది. ఆమెను అడిగినా.

"అమ్మా, రేపు నా గుండెను ఆపి మళ్ళా నడిపించేదెవరు?"

"డాక్టరు గారే సార్."

"కోసేది ఆయన. ఆగినంతసేపు నన్ను చూసుకునేదెవరని?"

ఆమె వింతగా చూసి పోయింది. మతి పోయిందనుకుందేమో. కాసేపటికి ఒక కుర్రోడు వచ్చినాడు. గడ్డం కూడా సరిగా రాలే. గుండె ఆగినంతసేపు రక్తాన్ని తిప్పే మిషను నడిపేది తనేనంట. "మీరు అడిగినారంట కదా సార్, ఏమైనా డౌటా?" అన్నాడు.

"డౌటేం లేదు నాయనా. నీ పేరేంది?"

చెప్పినాడు.

"ఏ ఊరు?"

"సంజామల సార్."

"అరే, మా పక్కనే! ఎవరి పిల్లోడివి?"

నాయన పేరు చెప్పినాడు, తాత పేరూ చెప్పినాడు. పేరూ ఊరూ మళ్ళా మళ్ళా అనుకొని గట్టిగా గుర్తు పెట్టుకున్నా. ఎందుకని ఆ పిల్లోడు అడగలే. నేనే ఇంకో మాట అడిగినా. అడిగేటప్పుడు నా గొంతు నాకే చిన్నపిల్లోని గొంతు మాదిరి వినపడింది.

"నాయనా, మధ్యలో వదిలేసి యాడికన్నా పోతావా?"

ఆ పిల్లోడు నవ్వబోయి ఆపుకున్నాడు. నా చెయ్యి మీద చెయ్యేసినాడు.

"మీ గుండె కొట్టుకునేదాకా నేను ఆ మిషను కాడి నుంచి కదలను సార్. ఎవరు పిల్చినా పోను."

వాడు పోయినాక కిటికీ వైపు తిరిగి పండుకున్నా. రేపు ఎల్లుండి ఎప్పుడో నేను లేస్తే, లేసినోన్ని పాతోన్నో కాదో, నెత్తిన చుక్కలుంటాయో పోతాయో తెల్దు. లేపినోని పేరు మాత్రం తెల్సు. భాయ్‌కి దొరకనిది నాకు దొరికింది.

గౌను తీసి విప్పి చూసినా. పచ్చగుంది. ఆస్పత్రుల్లో అందరికీ ఇదే రంగిస్తారు, ఆ మాత్రం నాకు తెల్దా? తెలిసినా దాన్ని ముఖానికి అదుముకొని ఏడ్చినా. నా భార్య కంగారుపడి, "భయంగా ఉందా?" అని అడిగింది.

ఉందన్నా. భయం ఇసుమంత కూడా తగ్గలే. భాయ్‌కి మాత్రం తగ్గిందా ఏంది? ఆ వణికే చేత్తోనే కదా పోతాండె, బాంబులు పడే కాడికి.